ఇది పిల్లల కార్టూనే, అందుకే పెద్దవాళ్ళు చూడాలి

'అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్' అంటే ఇష్టపడే పెద్దవాళ్ళు దాని గురించి ఇంకొకరికి చెప్పేటప్పుడు దాదాపు ఎప్పుడూ ఒకే మాటతో మొదలుపెడతారు: "చూడ్డానికి కార్టూన్‌లా ఉంటుంది గానీ, నిజానికి అది పిల్లల కోసం తీసింది కాదు." ఆ మాట వెనక ఉన్న మొహమాటం నాకు తెలుసు. ఉద్యోగం, సంసారం ఉన్న మనిషి ఎగిరే దున్నపోతు మీద తిరిగే పన్నెండేళ్ళ కుర్రాడి కథ చూస్తున్నానని చెప్పాలంటే, ముందుగా ఏదో ఒక సంజాయిషీ సిద్ధం చేసుకుంటారు. కానీ ఆ సంజాయిషీ అక్కర్లేదు. పైగా అది నిజం కూడా కాదు. ఈ సిరీస్‌ని నికెలోడియన్ అనే పిల్లల ఛానెల్ ఆరు నుంచి పదకొండేళ్ళ వయసు వాళ్ళని దృష్టిలో పెట్టుకుని తీయించింది. 2005 ఫిబ్రవరి 21న మొదలై 2008 జూలై 19న ముగిసింది. మూడు సీజన్లు, 61 ఎపిసోడ్లు. వాటిలో ప్రతి నిమిషమూ పిల్లలకోసమే. పెద్దయ్యాక చూసినవాళ్ళని అది అంత గట్టిగా పట్టుకోవడానికి కారణం కూడా అదేనని నా నమ్మకం.

నేను దీన్ని పెద్దయ్యాకే చూశాను. అది మొదటిసారి వచ్చేనాటికి పిల్లల ఛానెళ్ళు పెట్టుకునే వయసు దాటిపోయింది. అమెరికాలో 2020 మేలో నెట్‌ఫ్లిక్స్‌లోకి రాగానే అక్కడ జనం ఎక్కువగా చూసే వాటిలో మొదటి స్థానానికి వెళ్ళిందని చదివాను. పదిహేనేళ్ళ కిందటి కార్టూన్‌కి అంత ఆదరణ ఏమిటా అని ఆసక్తి కలిగింది. పని అయ్యాక తలకి కాస్త విశ్రాంతి ఇచ్చేదేదైనా కావాలని ఒక రాత్రి పెట్టుకున్నాను. మొదటి రెండు ఎపిసోడ్లూ సరదాగా గడిచిపోయాయి. మూడో ఎపిసోడ్ విశ్రాంతి ఇవ్వలేదు.

ఇక్కడి నుంచి కథ మొత్తం చెప్పేస్తాను. చూడకముందు తెలుసుకోవడం ఇష్టంలేని వాళ్ళు ముందు చూసి రండి.

ఆ లోకంలో నాలుగు జాతులున్నాయి: నీటి తెగలు, భూమి రాజ్యం, అగ్ని రాజ్యం, గాలి సంచారులు. ఒక్కో జాతిలో కొందరికి తమ భూతాన్ని, అంటే నీరు, నేల, నిప్పు, గాలిలో ఒకదాన్ని, ఒంటి కదలికలతో ఆడించే శక్తి ఉంటుంది. దాన్నే బెండింగ్ అంటారు. నాలుగింటినీ ఆడించగలిగేది అవతార్ ఒక్కడే. ఒక అవతార్ చనిపోతే వరుసలో తర్వాతి జాతిలో మళ్ళీ పుడతాడు. ఆంగ్ గాలి సంచారుల మఠంలో పెరిగిన కుర్రాడు. బాధ్యతకి భయపడి పారిపోయి, తుఫానులో చిక్కుకుని, నూరేళ్ళు మంచుగడ్డలో ఉండిపోతాడు. ఆ నూరేళ్ళలో అగ్ని రాజ్యం ప్రపంచం మీద యుద్ధం మొదలుపెట్టి, గాలి జాతి మొత్తాన్ని తుడిచిపెట్టేసింది. దక్షిణ ధ్రువంలో కటారా, సొక్కా అనే అన్నాచెల్లెళ్ళు ఆంగ్‌ని మంచులోంచి బయటికి తీయడంతో కథ మొదలవుతుంది.

మూడో ఎపిసోడ్‌లో ఆంగ్ తన మఠానికి తిరిగి వెళతాడు. తనవాళ్ళు ఎవరో ఒకరు మిగిలే ఉంటారని వాడి ఆశ. అక్కడ వాడికి కనిపించేది తనని పెంచిన గురువు గ్యాట్సో అస్థిపంజరం. గోడకి ఆనుకుని కూర్చున్నట్టుగా ఉంటుంది, మెడలో పాత హారంతో సహా. ఆయన చుట్టూ అగ్ని సైనికుల కవచాలు, ఎముకలు పడి ఉంటాయి. ఎవరూ ఏమీ వివరించరు. పిల్లలకి అక్కడ ఆంగ్ దుఃఖం అర్థమవుతుంది, అది చాలు. పెద్దవాళ్ళు ఆ గదిలో ఇంకొకటి చూస్తారు. ప్రాణిహింస కూడదని నమ్మిన ఒక ముసలి సన్యాసి, చనిపోయే ముందు ఇంతమందిని చంపాల్సి వచ్చింది. ఆ చివరి గంటలో ఆయన ఏం ఆలోచించి ఉంటాడు? సిరీస్ ఆ ప్రశ్నని నోటితో అడగదు. కెమెరా ఒకసారి ఆ గదంతా చూపించి ఊరుకుంటుంది.

పిల్లల ఛానెల్‌లో రక్తం చూపించకూడదు. చంపడం గురించి మాట్లాడాలన్నా జాగ్రత్త పడాలి. ఈ కట్టుబాట్లు కథని చప్పగా చేసేస్తాయని అనుకుంటాం. ఇక్కడ జరిగింది దానికి తలకిందులు. చావుని చూపించే వీలు లేకపోవడంతో, చావు మిగిల్చిన ఖాళీని చూపించాల్సి వచ్చింది. సృష్టికర్తలు మైకేల్ డాంటె డిమార్టినో, బ్రయన్ కొనియెట్జ్‌కో, ముఖ్య రచయిత ఏరన్ ఏహాజ్ ఆ ఖాళీలతోనే కథ నడిపారు.

నా అసలు వాదన ఇక్కడ మొదలవుతుంది. పిల్లలు చూస్తే ఇది నలుగురైదుగురు పిల్లల సాహసం. పెద్దయ్యాక మొదటిసారి చూస్తే, పెద్దవాళ్ళు చేయాల్సిన పని చేయకపోతే పిల్లల మీద ఏం పడుతుందో చెప్పే కథ. ఒక్కసారి ఇది కనబడ్డాక ప్రతి ఎపిసోడ్‌లోనూ అదే కనబడుతుంది. అవతార్‌వని పదహారేళ్ళకి చెప్పాల్సింది పన్నెండేళ్ళకే చెప్పేసి, ఆ తర్వాత గురువు నుంచి కూడా వాడిని విడదీయాలని నిర్ణయించింది మఠంలోని పెద్దలే. వాడు పారిపోయింది అందుకే. కటారా తండ్రి హకోడా మంచివాడు, వీరుడు. కానీ పిల్లల్ని ముసలి నాయనమ్మ దగ్గర వదిలి యుద్ధానికి వెళ్ళిపోయాడు. మూడో సీజన్ మొదట్లో కటారా ఆయన్ని నిలదీస్తుంది. ఎందుకు వెళ్ళావో తెలుసు, వెళ్ళక తప్పదనీ తెలుసు, అయినా బాధపడ్డాను అని ఏడుస్తుంది. ఆయన వాదించడు, దగ్గరికి తీసుకుంటాడు. టాఫ్ అనే చూపులేని అమ్మాయిని తల్లిదండ్రులు లోకానికి తెలియకుండా ఇంట్లోనే దాచిపెట్టారు, ప్రేమతోనే. ఆ అమ్మాయి వాళ్ళ దేశంలోకెల్లా గొప్ప భూమి బెండర్ అని వాళ్ళకి తెలియదు, చూపించాక కూడా ఒప్పుకోరు. ఆమెని పట్టి తెమ్మని మనుషుల్ని పంపుతారు. వాళ్ళు ఇనప పెట్టెలో బంధిస్తే, లోహాన్ని కూడా వంచవచ్చని ఎవరూ కనిపెట్టనిది ఆ పెట్టెలోనే కనిపెట్టి బయటికి వస్తుంది.

ఇక జూకో. అగ్ని రాజ్యపు యువరాజు, పదహారేళ్ళవాడు, ముఖంలో సగం కాలిన మచ్చ. మొదట్లో విలన్‌గా కనిపిస్తాడు. ఆ మచ్చ కథ మొదటి సీజన్ 12వ ఎపిసోడ్‌లో తెలుస్తుంది. పదమూడేళ్ళ వయసులో యుద్ధ మంత్రాంగంలో కూర్చుని, కొత్తగా చేరిన సైనికుల్ని ఎరగా వాడుకుందామన్న సేనాపతి మాటకి ఎదురుచెబుతాడు. అది అవమానమని ద్వంద్వ యుద్ధం పెడతారు. ఆ సేనాపతితోనే పోరాటం అనుకుని కుర్రాడు వెనక్కి తిరిగితే, ఎదురుగా తండ్రి, రాజు ఒజాయ్. జూకో పోరాడడు. మోకాళ్ళ మీద పడి ఏడుస్తూ క్షమించమంటాడు. తండ్రి ఆ ముఖం మీదే నిప్పు పెట్టి, దేశం నుంచి వెళ్ళగొడతాడు.

రెండోసారి చూసినప్పుడు మా అక్క కూతురు పక్కన ఉంది. ఆ ఎపిసోడ్ అయ్యాక అడిగింది: "పిన్నీ, వాళ్ళ నాన్న మళ్ళీ మంచివాడు అవుతాడా?" అవడని చెప్పాను. చెప్పడానికి కొంచెం సమయం పట్టింది. పిల్లల కథల్లో తండ్రి కోపం అపార్థం వల్లే వస్తుంది, చివర్లో తొలగిపోతుంది. ఇందులో అలాంటి సౌకర్యం లేదు. కొందరు తండ్రులు అంతే. ఆ మాట పిల్లలకి చెప్పే ధైర్యం ఉన్న కథలు నాకు ఎక్కువ తెలియవు. అలాంటి ఇంట్లో పెరుగుతున్న పిల్లలకి ఆ మాట ఎంత అవసరమో ఆలోచించండి.

ఆ కాల్చే క్షణాన్ని తెర మీద చూపించరు. ప్రేక్షకుల్లో కూర్చున్న వాళ్ళ ముఖాలు చూపిస్తారు. చెల్లెలు అజూలా నవ్వుతూ చూస్తుంటుంది. పెదనాన్న ఐరో ముఖం పక్కకి తిప్పుకుంటాడు. మొదటిసారి నాకు అది ఆయన మంచితనంలా అనిపించింది, చూడలేకపోయాడు పాపం అని. కానీ ఆ మైదానంలో రాజుకి అన్నగారు, పేరున్న సేనాని, జూకోని ఆ మంత్రాంగపు గదిలోకి రానిచ్చినవాడు కూడా ఆయనే. లేచి అడ్డుపడగలిగినవాడు ఎవరైనా ఉంటే ఆయనే. అడ్డుపడలేదు. ఆ తర్వాత మూడేళ్ళు ఆ కుర్రాడి వెంట ఓడలో తిరుగుతూ, తిట్లు తింటూ, టీ కాచి ఇస్తూ గడిపాడు. ఆ మూడేళ్ళకీ ఆ ఒక్క క్షణానికీ ఉన్న సంబంధాన్ని ఎవరూ మాటల్లో చెప్పరు. నేను మాత్రం దాన్ని మరచిపోయి ఐరోని చూడలేను.

ఐరో అంటే అందరికీ ప్రేమే. నాకూ. కానీ అభిమానులు ఆయన్ని మంచి మాటలు చెప్పే ముసలి తాతగా మార్చేశారు, ఆయన చెప్పిన నాలుగు ముక్కలు బొమ్మల మీద రాసి పంచుకుంటారు. సిరీస్ చూపించిన మనిషి అంతకంటే బరువైనవాడు. రెండో సీజన్‌లో జూకో ఒంటరిగా తిరిగే ఎపిసోడ్ ఒకటుంది. అందులో చిన్నప్పటి జ్ఞాపకంగా ఐరో రాసిన ఉత్తరం వస్తుంది. అప్పుడాయన బా సింగ్ సే మహానగరాన్ని ముట్టడించి ఉన్నాడు. ఊరు చాలా అందంగా ఉంది, ముందే తగలబెట్టేయకపోతే మీరంతా ఒకనాడు చూద్దురుగాని అని సరదాగా రాస్తాడు. ఇంట్లో పిల్లలు పడి పడి నవ్వుతారు. యుద్ధం చేసే దేశపు మంచి కుటుంబాల్లో మంచివాళ్ళు ఎలా మాట్లాడుకుంటారో ఆ ఒక్క ఉత్తరంలో ఉంది. ముట్టడి 600 రోజులు సాగింది. ఐరో కొడుకు లూ టెన్ అక్కడే చనిపోయాడు. ఆయన సైన్యాన్ని వెనక్కి తిప్పేశాడు.

తర్వాత కొన్నేళ్ళకు అదే ఊళ్ళోకి ఐరో శరణార్థిగా వస్తాడు, టీ కొట్టులో పనికి కుదురుతాడు. రెండో సీజన్ 15వ ఎపిసోడ్ చిన్న చిన్న కథల మాల. అందులో ఐరోది కొద్ది నిమిషాలే. వీధిలో ఏడుస్తున్న పిల్లవాడిని పాటపాడి ఊరుకోబెడతాడు. కిటికీ పగలగొట్టిన కుర్రాళ్ళకి సలహా ఇస్తాడు. దోచుకోవడానికి వచ్చిన దొంగకి నిలబడే పద్ధతి సరిగా లేదని దిద్ది, కూర్చోబెట్టి మాట్లాడతాడు. సాయంత్రం ఊరి బయట కొండ మీదకి వెళ్ళి, చెట్టుకింద కొడుకు బొమ్మ పెట్టి, పుట్టినరోజు చేసి, పొద్దున పాడిన పాటే పాడబోయి గొంతు పూడుకుపోయి ఏడుస్తాడు. రోజంతా ఆయన ఎవరికి సాయం చేశాడో చూడండి: అందరూ ఎవరో ఒకరి కొడుకులు, తాను తగలబెట్టాలనుకున్న ఊరి పిల్లలు. ఆ కథ చివర 'మాకో గౌరవార్థం' అన్న అంకితం వస్తుంది. ఐరోకి గొంతునిచ్చిన జపనీస్ అమెరికన్ నటుడు మాకో 2006 జూలైలో చనిపోయారు. ఆ ఎపిసోడ్ సెప్టెంబరులో వచ్చింది. మూడో సీజన్‌లో ఆ పాత్రకి గొంతు గ్రెగ్ బాల్డ్‌విన్‌ది.

ఐరోతో ముడిపడిన ఇంకో విషయం గురించి అభిమానులు తక్కువ మాట్లాడతారు. ఆ ఉత్తరంతో పాటు ఆయన బహుమతులు పంపాడు. జూకోకి లొంగిపోయిన సేనాపతి చాకు. అజూలాకి బొమ్మ. అజూలా ఆ బొమ్మని కాల్చేస్తుంది. చిన్నపిల్లలు చూస్తే అది విలన్ లక్షణం. నాకు మాత్రం, ఆ అమ్మాయి ఎలాంటిదో ఇంట్లో ఒక్కరూ పట్టించుకోలేదనడానికి ఆ బొమ్మే సాక్ష్యం. తండ్రి ఆమెని ఆయుధంగా పెంచాడు. తల్లి తనని రాక్షసిగా చూసిందని ఆమే చెబుతుంది. పెదనాన్న తన దయంతా అన్న కోసం దాచాడు. కథ ముగిసేసరికి ఆమెకి పద్నాలుగేళ్ళు. పట్టాభిషేకం రోజున అద్దంలో తల్లి కనబడితే దువ్వెన విసిరి అద్దం పగలగొడుతుంది. ఓడిపోయి, గొలుసులతో కట్టేసి ఉండగా నోట్లోంచి నిప్పు కక్కుతూ ఏడుస్తుంది. గెలుపు సంగీతం ఉండాల్సిన చోట విషాద సంగీతం వినిపిస్తుంది, జెరెమీ జకర్‌మన్ స్వరపరిచింది. గెలిచిన జూకో, కటారా కూడా సంతోషంగా లేరు. ఆమె కోసం ఐరో ఏమీ చేయలేకపోవడాన్ని సిరీస్ పూర్తిగా ఎదుర్కోలేదు. అది దానిలో ఒక లోటే. కానీ ఆ ఏడుపుని దాచిపెట్టలేదు.

ఇంత బరువైనదైతే చూడ్డంలో ఆనందం ఎక్కడ అని అడగవచ్చు. పోరాటాల్లో ఉంది! నేను ఇంత ఇష్టంగా పోరాటాలు చూసిన సిరీస్ ఇంకొకటి లేదు. నాలుగు బెండింగ్‌లకీ నాలుగు చైనా యుద్ధ విద్యలు తీసుకున్నారు: నీటికి తాయ్ చీ, భూమికి హుంగ్ గార్, నిప్పుకి ఉత్తర షావోలిన్, గాలికి బాగ్వా. సిఫు కిసు అనే గురువు కదలికలు చేసి చూపిస్తే, వాటిని చూసి బొమ్మలు గీశారు. టాఫ్‌కి మాత్రం వేరే శైలి, దక్షిణపు గొల్లభామ పద్ధతి. చూపులేని ఆమె నేలలోని ప్రకంపనల్ని పాదాలతో వింటూ పోరాడుతుంది కాబట్టి, అడుగు తక్కువ లేపే ఆ శైలి ఆమెకి సరిపోయింది. బొమ్మలు కదిలించిన పని ఎక్కువగా కొరియా స్టూడియోలది: జేఎం యానిమేషన్, డీఆర్ మూవీ, ఎంఓఐ. ఈ సిరీస్‌ని మెచ్చుకునేటప్పుడు వాళ్ళ పేర్లు కూడా చెప్పాలి.

ఈ శైలులు అలంకారం కోసం పెట్టినవి కావు, పాత్రల స్వభావం వాటిలోనే ఉంది. బాగ్వాలో మనిషి గుండ్రంగా తిరుగుతూ ఉంటాడు, ఎదుటివాడి దెబ్బకి దొరకడు. ఆంగ్ స్వభావం కూడా అదే, తప్పించుకోవడం. అందుకే భూమి విద్య వాడికి పట్టుబడదు. రెండో సీజన్ 9వ ఎపిసోడ్‌లో టాఫ్ వాడి మీదకి బండరాయి దొర్లించి, కదలకుండా నిలబడి ఆపమంటుంది. వాడు పక్కకి దూకేస్తాడు. పుట్టినప్పటి నుంచీ పక్కకి దూకడమే నేర్చుకున్న పిల్లవాడికి నిలబడడం నేర్పాలి. అదే ఎపిసోడ్‌లో ఇంకోచోట ఐరో, జూకోకి పిడుగుని దారిమళ్ళించడం నేర్పుతుంటాడు. అగ్ని రాజ్యంలో ఎవరికీ రాని ఆ విద్యని ఆయన నీటి బెండర్లని గమనించి కనిపెట్టాడు. తన మీదకి నిజం పిడుగు వేయమంటాడు జూకో, పెదనాన్న ఒప్పుకోడు. దాంతో తుఫానులో కొండ ఎక్కి ఆకాశాన్ని తిడతాడు: ఇన్నాళ్ళూ నామీద పడ్డావు కదా, ఇప్పుడెందుకు పడవని. ఇద్దరు శిష్యులు, ఇద్దరు గురువులు, ఒకే పాఠంలోని రెండు సగాలు. ఇరవై మూడు నిమిషాల్లో దాన్ని ఎక్కడా ఉపన్యాసం ఇవ్వకుండా చెప్పారు.

పెద్దవాళ్ళు ఇంకా బాగా గుర్తుపట్టేది బా సింగ్ సే. ప్రపంచమంతా యుద్ధంలో కాలిపోతుంటే ఆ ఊరి గోడల లోపల యుద్ధం అన్న మాట ఎత్తకూడదు. ఎత్తినవాళ్ళని డై లీ అనే రహస్య దళం తీసుకుపోయి బుర్ర మార్చి పంపుతుంది. రాజుకే యుద్ధం సంగతి తెలియదు. ఈ ఏర్పాటు చేసిన మంత్రి లాంగ్ ఫెంగ్ తనని తాను దుర్మార్గుడిగా అనుకోడు, ఊరి ప్రశాంతతని కాపాడుతున్నాననుకుంటాడు. మూడో సీజన్‌లో ఆంగ్ వేషం మార్చుకుని అగ్ని రాజ్యం బడిలో కూర్చునే ఎపిసోడ్ కూడా అలాంటిదే. గాలి జాతి సైన్యాన్ని తమ రాజు ఎలా ఓడించాడో చరిత్ర పాఠంలో ఉంటుంది. గాలి జాతికి అసలు సైన్యమే లేదు. ఆ సంగతి తెలిసినవాళ్ళలో బతికున్నవాడు ఆ తరగతిలో బెంచీ మీదే ఉన్నాడు. పదేళ్ళ పిల్లలకి ఇది చెప్పడానికి రచయితలు ఏ సిద్ధాంతమూ అరువు తెచ్చుకోలేదు, బడిని చూపిస్తే సరిపోయింది.

పిల్లల కథలంటే చివర్లో క్షమించేయడం అనుకునేవాళ్ళకి మూడో సీజన్ 16వ ఎపిసోడ్ చూపించాలి. కటారా తల్లిని చంపిన సైనికుడు యోన్ రా ఎక్కడున్నాడో, అప్పటికి ఆంగ్ వైపు వచ్చేసిన జూకో సాయంతో తెలుస్తుంది. క్షమించమని ఆంగ్ బతిమాలతాడు. ఆమె వినదు, వెళుతుంది. దొరికినవాడు వానలో వణుకుతున్న ముసలి పిరికివాడు, తన తల్లిని బదులుగా తీసుకోమంటాడు! వాన చినుకుల్ని మంచు ముళ్ళుగా మార్చి వాడి మీదకి వదిలి, తగలకముందే ఆపేస్తుంది. చంపలేదు. కానీ క్షమించనూ లేదు, ఎప్పటికీ క్షమించనని ఆంగ్‌తోనే చెబుతుంది. ఆమె క్షమించింది జూకోని. అది వేరు, ఇది వేరు అని పిల్లలకి అంత తేటగా చెప్పినందుకు నేను ఆ ఎపిసోడ్‌కి రుణపడి ఉన్నాను.

అన్నీ ఇలాగే ఉన్నాయని కాదు. మొదటి సీజన్‌లో లోయ దాటే ఎపిసోడ్‌ని అభిమానులే వదిలేయమంటారు, వదిలేయవచ్చు. మనవాళ్ళకి ఇంకోటి గుచ్చుకుంటుంది. చైనీస్ అక్షరాలు రాయించడానికి సియు-లియుంగ్ లీ అనే నిపుణుడిని పెట్టుకున్నంత శ్రద్ధ, భారతదేశం నుంచి తీసుకున్నవాటి మీద పెట్టలేదు. రెండో సీజన్ చివర్లో వచ్చే గురు పతిక్ ఏడు చక్రాల పాఠం చెబుతాడు. పాఠం బాగుంటుంది, ఒక్కో చక్రానికి ఆంగ్ గతంలోని ఒక్కో గాయాన్ని ముడిపెట్టిన తీరు ఇంకా బాగుంటుంది. కానీ ఆ గురువుని ఉల్లిపాయ, అరటిపండు రసం తాగే నవ్వులాట మనిషిగా చేశారు. ఐరోకి దక్కిన మర్యాదలో సగం ఆయనకి దక్కి ఉంటే బాగుండేది.

2024 ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్ ఈ కథని నటులతో తీసి విడుదల చేసింది. ఈసారి పెద్దవాళ్ళకి కూడా నచ్చేలా, ఇంకాస్త గంభీరంగా అన్నది దాని ఉద్దేశం. అందుకని గాలి జాతి ఊచకోతని మొదటి ఎపిసోడ్‌లోనే మంటలతో సహా చూపించారు. జూకో ద్వంద్వ యుద్ధంలో కుర్రాడు తండ్రితో కాసేపు పోరాడతాడు. ఇదే నా వాదనకి బలమైన ఆధారం. పెద్దవాళ్ళ కోసం అని మార్చిన ప్రతిచోటా కథ చిన్నదైపోయింది. అస్థిపంజరం ముందు మనల్ని ఆలోచనలో పడేసిన ఖాళీ, మంటలు చూపించగానే నిండిపోయింది. మోకాళ్ళ మీద పడ్డ పిల్లవాడిని కాల్చడానికీ, ఎదురు తిరిగిన యోధుడిని కాల్చడానికీ ఎంత తేడా! ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. జూకో కాపాడిన ఆ సైనికుల దళమే అతని ఓడలో సిబ్బంది అన్న కొత్త ఊహ చాలా బాగుంది, మూలంలో కూడా ఉంటే బాగుండు అనిపించింది.

ఇక ముగింపు. నాలుగు భాగాల ఆఖరి కథలో అందరూ ఆంగ్‌కి ఒకే మాట చెబుతారు, ఒజాయ్‌ని చంపు అని. వాడు తన పూర్వ జన్మల అవతార్లని అడుగుతాడు. రోకు, క్యోషి, కురుక్, చివరికి తన జాతిలోనే పుట్టిన యాంగ్‌చెన్ కూడా దాదాపు అదే చెబుతారు. వాడు చంపడు. లయన్ టర్టిల్ అనే మహాప్రాణి ఇచ్చిన శక్తితో ఒజాయ్ బెండింగ్‌ని తీసేస్తాడు. ఆ ప్రాణి చివరి నిమిషంలో ఊడిపడిందన్న విమర్శ సరైనదే, కథ కట్టడంలో అది తేలిక దారి. అయినా నాకు ఆ ముగింపు నచ్చుతుంది. నూరేళ్ళ యుద్ధాన్ని పిల్లల మీద వదిలేసిన పెద్దలందరూ, ఆఖరి క్షణంలో కూడా తమకి తెలిసిన ఒకే పరిష్కారం పిల్లవాడికి అందించారు. తన గురువు గ్యాట్సో నేర్పిన దాన్ని ఆ గురువుకే దక్కని చోట వాడు నిలబెట్టుకున్నాడు. ఒజాయ్ విసిరిన పిడుగుని వాడు తిప్పి అతని మీదకే వదలగలిగి కూడా ఆకాశంలోకి వదిలేస్తాడు. పక్కకి దూకే పిల్లవాడు నిలబడి చేసిన పని అది.

దానికి ముందు ఇంకో దృశ్యం. రెండో సీజన్ చివర్లో జూకో పెదనాన్నకి ద్రోహం చేసి తండ్రి వైపు వెళ్ళిపోతాడు. ఇక మారతాడు అని మనం నమ్మిన చోటే తప్పు దారి పడతాడు. కోరుకున్నదంతా దొరికాక అందులో ఏమీ లేదని తెలిసి, మూడో సీజన్ మధ్యలో ఆంగ్ దగ్గరికి వస్తాడు. ఐరో ముందుకి రావడానికి ఇంకా చాలా సమయం పడుతుంది. గుడారంలో నిద్రపోతున్న ఆయన పక్కన రాత్రంతా కూర్చుంటాడు. తెల్లవారాక క్షమాపణ మొదలుపెడతాడు. వాక్యం పూర్తికాకముందే ఐరో లాగి కౌగిలించుకుంటాడు. నాకు కోపమే రాలేదు, నువ్వు దారి తప్పావేమోనని బాధపడ్డాను, అంతే అంటాడు. ఆ మాట అనగల పెద్దమనిషి ఇంట్లో ఒక్కరుంటే ఆ రాజ్యం చరిత్రే వేరుగా ఉండేదనిపిస్తుంది.

యుద్ధం అయిపోయాక జూకో జైల్లో ఉన్న తండ్రి దగ్గరికి వెళ్ళి, మా అమ్మ ఎక్కడ అని అడుగుతాడు. సిరీస్ ఆ ప్రశ్నతోనే ఆ దృశ్యాన్ని ముగించేస్తుంది. ఒజాయ్ నోటి నుంచి పశ్చాత్తాపం ఒక్క మాటైనా రాదు. "మరి వాళ్ళమ్మ?" అని మా అక్క కూతురు గోల పెట్టింది. జవాబు 2013లో వచ్చిన కామిక్స్‌లో ఉంది, తనకి అవి తెప్పించి ఇచ్చాను. సిరీస్ అక్కడ ఆపడమే సరైనదని నా పట్టు, కాదని తన పట్టు. కామిక్స్ చదివాక కూడా ఇద్దరం మా మాట మీదే ఉన్నాం.